వానలోనే చూడాలి ఈ తోటని

చూరు కింద నిలబడి గొడుగు మడుస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఆగు, అటు చూడు" అంది. పైకప్పు అంచు పొడవునా వాన నీళ్లు సన్నని ధారలుగా, ఒకే దూరంలో, ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ ఓల్డ్ టౌన్‌లో లాన్ సు చైనీస్ గార్డెన్ ఇది. ప్రతి పెంకు వరస చివర కిందికి మొనదేలిన ఒక ముక్క ఉంటుంది, కప్పు మీద పడిన నీళ్లన్నీ ఆ మొన దగ్గరికే వచ్చి జారిపోతాయి. అంటే వాన పడితే ఎలా కనిపించాలో కూడా ముందే ఆలోచించి కట్టారన్నమాట! చైనాలోని సుజౌ నగరం నుంచి శిల్పులు వచ్చి, అక్కడి తాయ్ సరస్సు రాళ్లు తెప్పించి కట్టిన తోట ఇది, 2000లో తెరిచారు. మొత్తం కలిపి సిటీలో ఒక్క బ్లాకే. కానీ వంకర దారులు, గోడల్లో జాలీ కిటికీలు ఉండటంతో ఎక్కడ నిలబడినా తోట మొత్తం ఒకేసారి కనిపించదు, ఇంకా ఏదో మిగిలే ఉంటుంది.

గోడ మీంచి ఆఫీసు టవర్ కనిపిస్తూనే ఉంది. నాకది అడ్డమనిపించలేదు, ఊరి మధ్యలో ఉండటమే దీని అందం అనిపించింది.

ఇక్కడి వానకి ఎప్పుడూ విసుక్కునే అమ్మ ఈరోజు వెళ్దామని ఒక్కసారి కూడా అనలేదు, కాళ్లు తడుస్తున్నా సరే.

ఎండ రోజు చూసి వెళ్లమని అందరూ చెప్తారు. వినకండి, నవంబర్లో వెళ్లండి.