చందనం ఒలిచే రోజు

సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం కిందే ఉంటాడు. మామూలు రోజుల్లో కొండెక్కితే మనకు దర్శనమిచ్చేది లింగాకారంలో ఉన్న చందనపు ముద్దే. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రం అర్చకులు తెల్లవారకముందే వెండి బొరిగెలతో ఆ చందనాన్ని ఒలుస్తారు. అప్పుడు వరాహ ముఖంతో, మనిషి దేహంతో స్వామి నిజరూపం బయటపడుతుంది. ఆ రాత్రి సహస్ర ఘటాభిషేకం చేసి, మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు.

ఈసారి ఆ పండగకి పది రోజుల ముందు నేను ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఫ్లాటు, ఉండేది ఐదుగురం. మా ఆయనది షిఫ్టు డ్యూటీ, పిల్లలకి ట్యూషన్లు. కాలు పెట్టే చోటు లేదని రోజూ టెన్షనే. ఇల్లు ఖాళీ చేసుకోవడానికి అందరూ చెప్పే సలహా ఒకటుంది కదా, ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదని. దాన్ని పట్టుకుని ముందు అటక మీద పడ్డాను.

మొదట చేతికొచ్చింది కిరసనాయిలు లాంతరు. ఉప్పుగాలికి పిడి తుప్పు పట్టింది. దాని వెనక మూతలున్న నీళ్ళ డబ్బాలు నాలుగు. అన్నీ పాత సామాన్ల సంచిలో వేశాను. అత్తయ్యగారు చూసి, "ఇదేటమ్మా, హుద్‌హుద్ మర్చిపోయావా?" అన్నారు. నేను మర్చిపోలేదు. 2014 అక్టోబరు 12న తుఫాను ఊరిని ఊడ్చేశాక రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు. అప్పుడు మా వాటాలో వెలిగిన దీపం ఇదొక్కటే. ఏడాది లెక్క దీనికి ఎలా సరిపోతుంది? ఆవిడని అడగకుండా సంచిలో వేసినందుకు నాకు చాలా బాధ కలిగింది.

ఆ రాత్రి అప్పన్న చందనమే గుర్తొచ్చింది. దాన్ని గీకి పారెయ్యరు. స్వామి ఒంటికి నొప్పి తగులుతుందేమో అన్నంత నెమ్మదిగా ఒలుస్తారు. ఒలిచిన చందనం చెత్త కాదు, భక్తులు కళ్ళకద్దుకునే ప్రసాదం. భోగి మంటలో పాతవి వేసేటప్పుడు ఉండే ఊపు వేరు, ఈ ఒలవడంలో ఉన్న మర్యాద వేరు. మన ఇళ్ళకి కావలసింది ఈ రెండోదే అని నాకు గట్టిగా అనిపించింది.

మర్నాటి నుంచి అత్తయ్యగారిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో వస్తువూ ఆవిడ చేతికిచ్చాకే పక్కన పెట్టేదాన్ని. పెళ్ళిళ్ళకి వచ్చిన స్టీలు గిన్నెలు, ఇచ్చినవాళ్ళ పేర్లు చుక్కలు చుక్కలుగా చెక్కినవి, ఇరవై పైనే ఉన్నాయి. ఒక్కో పేరూ చదివి, ఆ మనిషి గురించి రెండు ముక్కలు చెప్పి, సగం గిన్నెలు ఆవిడే పనమ్మాయి కూతురి పెళ్ళికి తీసిపెట్టారు. నేనడిగితే ఇచ్చేవారు కాదు.

ఆ గిన్నెల అడుగున పాత చీరముక్కలో చుట్టి ఒక గంధపు సాన దొరికింది. గుండ్రటి రాయి, అరచేతి కంటే కాస్త పెద్దది. మధ్యలో అరిగి పల్లం పడింది. ఆ పల్లంలో వేలు పెడితే గాజులా నున్నగా ఉంది. పక్కనే బొటనవేలంత గంధపు చెక్క. అత్తయ్యగారి అమ్మగారిదట. ఎక్కడో పోయిందనుకుని ఆవిడ వెతకడం కూడా మానేశారు.

పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టలో దొరికాడని, తొలగించిన పుట్టమన్నుకి బదులుగా చందనం పూయమని ఆజ్ఞ అయిందని స్థలపురాణం చెబుతుంది. అందుకే ఒలిచిన రోజునే మళ్ళీ పూత మొదలవుతుంది. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి తక్కిన విడతలు వేస్తారు. ఇల్లూ అంతే కదా. ఐదుగురు తిరిగే ఇల్లు ఖాళీగా ఉండిపోదు, ఉండనక్కర్లేదు కూడా. ఏడాదికోసారైనా పూత కింద ఏముందో చూసుకోవడం నాకు ముఖ్యమనిపించింది. ఆ తర్వాత వచ్చి చేరేదాన్ని మనం చూసి చేర్చుకుంటాం.

లాంతరు తుడిచి, కొత్త వత్తి వేసి అటక మీదే పెట్టాను. తదియ నాడు అంత రద్దీలో అత్తయ్యగారు క్యూలో నిలబడలేరని కొండకి వెళ్ళలేదు. సాన కడిగి ఆవిడే గంధం తీశారు. చెక్క అరుగుతున్న చప్పుడుకి చిన్నది హోంవర్క్ వదిలేసి వచ్చి, ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుంది.