పారిస్ వేలంలో సాగరకన్య బ్రోచ్ కొన్నాను

ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉంటున్నాను. రివోలీ వీధిలోని అలంకరణ కళల మ్యూజియంలో నగల గ్యాలరీ చూసినప్పటి నుంచి 1900 ప్రాంతపు ఫ్రెంచి నగ ఒక్కటైనా కొనుక్కోవాలని మనసు పడ్డాను. ఆ కాలపు ప్రసిద్ధ ఫ్రెంచి నగల కళాకారుడు రెనె లాలిక్ చేతివి నా స్థోమతకు అందవు. అదే కాలంలో అంత పేరు రాని పనివాళ్ళు చేసిన బ్రోచ్‌లు, అంటే బట్టకు గుచ్చుకునే పిన్ను నగలు, మాత్రం ద్రువో వేలంశాలకు వస్తుంటాయి.

అక్కడ వేలానికి ముందురోజు వస్తువుల్ని అందరికీ చూపిస్తారు. అడిగితే నగ చేతికిచ్చారు. సాగరకన్య బొమ్మ. తోక మెలిక మధ్య చిన్న ముత్యం. గ్రీకు పురాణాల్లో పాటతో నావికుల్ని ఆకర్షించే సైరెన్‌లకు మొదట పక్షి దేహం ఉండేది, చేప తోక మధ్యయుగాల్లో వచ్చి చేరింది. ఆ తోక మీదే ఈ పనివాడు ప్రాణం పెట్టాడు. ఒక్కో పొలుసూ ఉలితో విడిగా చెక్కాడు, ఏ రెండూ ఒకేలా లేవు. అచ్చులో పోసి వదిలేసిన బొమ్మకు ఆ పదును రాదు.

ముఖం ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి తిప్పి చూడాల్సిందే. భూతద్దంలో పిన్ను మీద గద్ద తల ముద్ర కనిపించింది. 1838 నుంచి ఫ్రాన్స్‌లో 18 క్యారెట్ల బంగారానికి కొడుతున్న ముద్ర అది. ఇప్పటికీ వాడుకలో ఉంది కాబట్టి దాన్ని బట్టి వయసు చెప్పలేం. పైగా పిన్ను తర్వాత మార్చి ఉండొచ్చు. అందుకే బొమ్మ అంచు కూడా వెతికాను. అక్కడా గద్ద తల ఉంది, పక్కన డైమండ్ ఆకారపు గడిలో తయారీదారు అక్షరాలు సగం అరిగి ఉన్నాయి. గుడ్లగూబ ముద్ర ఉంటే విదేశీ సరుకో, పుట్టుక తెలియనిదో అయ్యేది. అతుకుల దగ్గర బూడిదరంగు మచ్చలు లేవు. అంటే సీసంతో మాటు వేయలేదన్నమాట. పాత బంగారు నగకు సీసం తగిలితే బాగుచేయడం చాలా కష్టం.

కేటలాగ్‌లో '1900 ప్రాంతం' అని రాసి ఉండటం నాకు పెద్ద ధైర్యం. 1981 నాటి ఫ్రెంచి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కాలం పేర్కొంటే అమ్మేవాళ్ళు దానికి పూచీ పడాలి. 'ఆ శైలిలో' అని రాస్తే ఆ పూచీ ఉండదు.

మర్నాడు వేలంలో టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. పాట ముగిసి సుత్తి పడిన ధర మీద నాలుగో వంతుకు పైగా వేలంశాలకు కమిషన్ కట్టాలి. అది కలిపి లెక్కేసుకున్న హద్దు దాటకూడదని గట్టిగా అనుకున్నాను. హద్దు దగ్గరపడుతుండగా అవతలి పాటదారు ఆగిపోయారు.

తర్వాత కొక్కెం బిగించడానికి ఒక నగల పనివారికి ఇచ్చాను. మెరుగు కూడా పెడతామన్నారు. వద్దన్నాను. పొలుసుల సందుల్లో పేరుకున్న ఆ నలుపు వల్లే చెక్కడం లోతు తెలుస్తోంది. మెరుగు పెడితే అదీ పోతుంది, పొలుసుల పదునూ అరుగుతుంది.