నాన్నగారి గెడ్డానికి కొత్త బ్రష్

పాలకొల్లు, ఆదివారం రాత్రి

నాన్నగారి షేవింగ్ బ్రష్ ఇక పని అయిపోయింది. కుచ్చు పిడి దగ్గర కదులుతోంది. నురగ పెట్టిన ప్రతిసారీ ఒకటో రెండో వెంట్రుకలు ఊడి బుగ్గకి అంటుకుంటున్నాయి. ఆయనకి రక్తం పలచబడే మాత్ర నడుస్తోంది కాబట్టి ఆవగింజంత గాటు పడినా పటిక ఒత్తిపట్టి చాలాసేపు కూర్చోవాలి. బ్లేడు దారిలో ఏ అడ్డూ ఉండకూడదు.

చెయ్యి వణుకుతోందని ఆయన రేజరు నా చేతికిచ్చిన దగ్గర్నుంచీ గెడ్డం గీయడం నా పనే. ట్రిమ్మర్ పెట్టేస్తే పోతుంది కదా అంటుంది మా ఆవిడ. ఆయన ఒప్పుకోరు. నున్నగా గీస్తే గాని ఆయనకి తెల్లారదు. నాకూ ఆ పని ఇష్టమే. వారంలో ఆ కాసేపూ ఆయన మొహం అంత దగ్గరగా చూస్తాను, చిన్నప్పుడు కూడా అంత దగ్గరగా చూసి ఉండను.

పొద్దున్నే ఇక్కడి ఫ్యాన్సీ షాపులో అడిగాను. "ఆయ్, ఉన్నాయండి. కానీ ఇప్పుడు బ్రష్షులు ఎవరడుగుతున్నారండీ, అందరూ ఫోమ్ డబ్బాలే పట్టుకెళ్తున్నారు" అంటూ పై అరలోంచి అట్టపెట్టె దించాడు. అందులో ఉన్నవి రెండు రకాలు. ఒకటి చీపురు పుల్లల్లాంటి ముతక నైలాను. రెండోది ఏ జంతువు వెంట్రుకో కవరు మీద రాయలేదు, ముక్కు దగ్గర పెడితే వాసన. పేరూ ఊరూ లేని వెంట్రుక మొహానికి రాయడం నాకిష్టం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుక బ్రష్షుల వల్ల బ్రిటన్, అమెరికా సైనికులకి ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడంత భయం లేదు గాని, ముసలాయన చర్మం మీద పెట్టేదానికి కాస్త ఎంచుకోవాలి కదా. బండి వేసుకుని భీమవరం వెళ్లాను.

అక్కడ మంచి సరుకే ఉంది. పంది వెంట్రుకది, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకది, మెత్తటి సింథటిక్‌ది, మూడూ గాజు బల్ల మీద పెట్టించి చూశాను. కుచ్చుని ఎడమ చేతి మీద నిలువుగా ఆనించి మెల్లగా నొక్కితే దాని గుణం తెలిసిపోతుంది. పంది వెంట్రుక కొత్తలో పొడుచుకుంటుంది. వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడతాయి, దానికి కొన్ని వారాలు పడుతుంది. గీసుకునే ముందు కాసేపు నీళ్లలో నానబెట్టాలి కూడా. గట్టి సబ్బు బిళ్ల మీద రుద్దడానికి దాన్ని మించింది లేదు. నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ గోద్రెజ్ షేవింగ్ రౌండు మీద తిప్పింది అలాంటిదే. కానీ ఇప్పుడు ఆయన బుగ్గలు దాన్ని ఓర్చుకోలేవు. అది మెత్తబడేదాకా ఆయన్ని ఎందుకు కష్టపెట్టాలి?

బ్యాడ్జర్ నీళ్లు బాగా పట్టుకుంటుంది, కొసలు హాయిగా ఉంటాయి. ప్యూర్, బెస్ట్, సిల్వర్‌టిప్ అని దాంట్లో తరగతులున్నాయి గాని, అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఒకరి బెస్ట్ ఇంకొకరి ప్యూర్‌తో సమానం కావచ్చు. ఆ వెంట్రుక కోసం జంతువుని చంపుతారు, అది నాకు నచ్చదు. అదలా ఉంచితే, నీళ్లు పట్టుకోవడమన్నదే మా ఊళ్లో చిక్కు. ఈ వానల్లో డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, దండెం మీది తువ్వాలు రెండు రోజులకీ ఆరదు. అంత తేమలో నీళ్లు తాగిన కుచ్చు లోపల తడిగానే ఉండి బూజు పడుతుంది. జిగురు వదులై కుచ్చు కదలడానికి కూడా ఆ తడే కారణం. ఎవరు బ్రష్ కొనబోయినా ముందు తమ ఊరి గాలినీ నీళ్లనీ చూసుకోవాలంటాను, వెంట్రుక పేరు తర్వాత.

అందుకని సింథటిక్ తీసుకున్నాను. పిడి దగ్గర కుచ్చు 22 మిల్లీమీటర్ల మందం. పోగులు నీళ్లు పీల్చవు, నానబెట్టే పని లేదు, విదిలించి తువ్వాలు మీద తుడిస్తే తొందరగా ఆరిపోతుంది. తలకిందులుగా వేలాడదీయాలని చాలామంది అంటారు గాని, గాలి తగిలేచోట పెట్టడమే ముఖ్యం. పిడి లావుగా, నడుము సన్నంగా ఉన్నది ఏరుకున్నాను, సబ్బు చేత్తో పట్టుకున్నా జారదు.

ఇంటికొచ్చాక సాయంత్రం గీశాను. బోరు నీళ్లు ఉప్పన, వాటిలోని సున్నం సబ్బుని విరిచేస్తుంది. ఎంత తిప్పినా నురగ నిలవదు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు గోదావరి కాలవవి, ఇవైతే బాగా నురుగొస్తుంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు గెడ్డానికని ఓ చెంబు పక్కన పెట్టుకుంటాం. ఆ కుళాయి నీళ్లే గోరువెచ్చగా కాచి, తువ్వాలు తడిపి మొహం మీద కాసేపు ఉంచాను. సెనగగింజంత క్రీము వేసి కుచ్చుని బుగ్గ మీదే గుండ్రంగా తిప్పాను. మొదట పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. వేళ్లతో రెండు చుక్కల నీళ్లు చిలకరించి ఇంకాస్త తిప్పితే బుడగలు చచ్చి మెరుపు వచ్చింది. గెడ్డం వెంట్రుకలు నిలబడ్డాయి. అంతవరకూ రేజరు ముట్టుకోకూడదు.

కట్టుడు పళ్లు పెట్టుకోమన్నాను. అవి లేకపోతే బుగ్గ లోపలికి పోయి బ్లేడు ఎక్కడ ఆనుతుందో తెలియదు. ఎడమచేతి వేలితో చెవి దగ్గర చర్మం పైకి లాగి, వెంట్రుక వాలు చూసుకుని, చిన్న చిన్న గీతల్లో కిందికి తెచ్చాను. ఒక్కసారే. ఆయనకి రెండో తడవ పనికిరాదు. ఎక్కడా ఎరుపు లేదు, పటిక తీయనే లేదు.

ఆయన చెయ్యి ఎత్తి దవడ తడుముకుని, "ఇది గుచ్చుకోవడం లేదురా, ఎంతైంది?" అన్నారు. 450 అంటే, "అంతా?" అన్నారు గాని, బ్రష్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

నా గెడ్డం మొండిది. సింథటిక్ ఆయనకి బాగుంది గాని, నాకు ఆ పొడుచుకునే పంది వెంట్రుకదే కావాలి. ఈసారి భీమవరం వెళ్లినప్పుడు దాన్ని తెచ్చుకుంటాను.