మడ్డి కదలకుండా బీరు మార్చడం

ఇంట్లో మామూలు ఏల్ రకం బీరు చేసేవాళ్ళు దాన్ని పులిసిన బకెట్లోంచి రెండో బకెట్‌లోకి మార్చక్కర్లేదనే నేనంటాను. అడుగున దిగిన ఈస్ట్ మడ్డి మీద బీరు ఎక్కువ రోజులుంటే రుచి పాడవుతుందని పాత సలహా. ఇంట్లో చేసుకునే 5 గ్యాలన్లకి, అంటే 19 లీటర్లకి, మూడు వారాల్లో ఏమీ కాదు. మార్చితేనే గాలి తగులుతుంది, క్రిములు చేరతాయి.

అయినా నేను మార్చాను, మామిడి కోసం. ఇక్కడ అమెరికాలో, కొలంబస్‌లో ఇండియన్ స్టోర్లో తోతాపురి గుజ్జు 850 గ్రాముల డబ్బాల్లో దొరుకుతుంది. మాది చిత్తూరు వైపు, ఆ డబ్బా చూస్తే చెయ్యి ఆగదు. గుజ్జుని మొదట్లోనే వేస్తే పొంగుతో పాటు వాసనంతా పోతుంది. అందుకని హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచేది, చక్కెర తగ్గేకొద్దీ దాని అంకె దిగుతుంది) 1.050 దగ్గర మొదలై 1.012కి దిగి, అక్కడే నిలబడ్డాక వేశాను.

ముందురోజు రాత్రే మా ఆయన బకెట్‌ని వంటగట్టు మీదకి ఎత్తిపెట్టారు. ఆయనకి బీరు వాసనే గిట్టదు, బరువులెత్తడానికి మాత్రం పలుకుతారు. కదిలిన మడ్డి తెల్లారేసరికి మళ్ళీ అడుక్కి చేరుతుంది. బీరుని పైనుంచి కిందికి లాగే సైఫన్, పైపు, రెండో బకెట్, మూత, డబ్బా ఓపెనర్‌తో సహా అన్నిటినీ స్టార్ శాన్ అనే క్రిములు చంపే మందు కలిపిన నీళ్ళలో ముంచాను. 5 గ్యాలన్ల నీళ్ళకి ఔన్సు, అంటే దాదాపు 30 మి.లీ. చాలు. నురుగు మిగిలిపోయిందని కడగకూడదు, అది బీరుకేమీ చెయ్యదు.

రెండో బకెట్ కింద నేల మీద. గుజ్జు ముందే అందులో పోసేశాను. మా ఊళ్ళో ట్రాక్టర్లోంచి డీజిల్ తీసినట్టు పైపుని నోటితో పీల్చకండి, నోట్లో ఉన్న క్రిములన్నీ బీరులోకి వెళ్తాయి. ఆటో సైఫన్ ఒక్కసారి పైకి లాగి నొక్కితే చాలు, తర్వాత బీరు దానంతటదే కిందికి దిగుతుంది. పైపు చివర కింది బకెట్ అడుగుకి ఆనాలి. పైనుంచి ధారగా పడితే గాలి కలిసి, కొన్నాళ్ళకి బీరు తడిసిన అట్టపెట్టె వాసనేస్తుంది. ఈస్ట్ వేసే ముందు గాలి కావాలి, పులిశాక మాత్రం అదే శత్రువు. పైనున్న బకెట్లో మడ్డి కనిపించగానే ఆపేశాను. ఆ చివరి గ్లాసుడు బీరు కోసం కక్కుర్తి పడితే మడ్డంతా వస్తుంది.

ఇదంతా వీడియో కాల్‌లో చూస్తున్న అమ్మ "సారా కాస్తున్నావా, పోలీసులు రారా?" అంది. రారమ్మా. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లదాకా చేసుకోవచ్చు, అమ్ముకోకూడదంతే. "అమ్ముకోకపోతే ఎందుకే అంత పని?" అంది.

రెండో బకెట్ నిండా పోయకండి. పండు చక్కెర తగలగానే ఈస్ట్ మళ్ళీ లేస్తుంది, గుజ్జు పైకొచ్చి ఎయిర్‌లాక్‌ని, అంటే లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని మూత గొట్టాన్ని, మూసేస్తుంది. నేను ఎయిర్‌లాక్ బదులు లావు పైపు పెట్టి, దాని రెండో చివర నీళ్ళ సీసాలో ముంచాను. బుడగలు ఆగాయి కదా అని బాటిళ్ళలో నింపేయకూడదు. చక్కెర మిగిలుంటే అవి పేలతాయి. రెండు మూడు రోజుల తేడాతో చూసినా హైడ్రోమీటర్ ఒకే అంకె చూపించాలి. నాది ఇంకా దిగుతూనే ఉంది, బాటిళ్ళు కడగడం వచ్చే వారం చూసుకుంటాను.