ఒకే కమాండ్ స్టేషన్, నాలుగు కంపెనీల ఇంజిన్లు: ఇప్పటిదాకా జరిగిన పని

హార్న్‌బీ, బాక్‌మన్, రోకో, పికో. ఈ నాలుగు కంపెనీల మోడల్ రైలు ఇంజిన్లూ ఇప్పుడు ఒకే లూప్ (చుట్టూ తిరిగొచ్చే ట్రాక్) మీద, ఒకే కమాండ్ స్టేషన్ (పట్టాల మీదుగా ఇంజిన్లకు ఆదేశాలు పంపే పెట్టె) కింద నడుస్తున్నాయి. కదిలించడం పెద్ద కష్టం కాలేదు. అన్నీ ఒకే తీరుగా కదిలేలా చేయడమే అసలు పని. అది ఇంకా పూర్తి కాలేదు గానీ, ఎక్కడిదాకా వచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కలగలుపు సెట్ ఉన్నవాళ్లకు ఈ సీవీ విలువలు (ఇంజిన్‌లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్‌లో నంబర్లవారీగా దాచే సెట్టింగులు) పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. రకరకాల కంపెనీలను కలిపేది చేతిలోని కంట్రోలర్ కాదు, పట్టాల మీదికి వెళ్లే సంకేతం. లెంజ్ కంపెనీ రూపొందించిన పద్ధతిని ఆధారంగా తీసుకుని అమెరికాలోని మోడల్ రైలు అభిమానుల సంఘం ఎన్ఎంఆర్ఏ 1994లో డీసీసీని (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణంగా ఆమోదించింది. ‘1’ బిట్‌లో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, ‘0’ బిట్‌లో ఒక్కో సగం కనీసం 100. డీకోడర్ చూసుకునేది ఈ తేడానే. హ్యాండ్‌సెట్‌నూ కమాండ్ స్టేషన్‌నూ కలిపే తీగల సంగతి వేరు: లెంజ్‌వాళ్లది ఎక్స్‌ప్రెస్‌నెట్, డిజిట్రాక్స్‌వాళ్లది లోకోనెట్, ఒకదాని హ్యాండ్‌సెట్ ఇంకోదానికి నేరుగా పనిచేయదు. కాబట్టి కమాండ్ స్టేషన్ ఏ కంపెనీది కొన్నా ఫర్వాలేదు, ఇంజిన్లు కలుస్తాయి. హ్యాండ్‌సెట్లు మాత్రం ఒకే కుటుంబంలోవి కొనుక్కోవాలి.

నా దగ్గరున్నది ఆర్డుయినో మెగా అనే చిన్న కంట్రోల్ బోర్డు మీద డీసీసీ-ఈఎక్స్ (దాన్ని కమాండ్ స్టేషన్‌గా మార్చే సాఫ్ట్‌వేర్), దాని మీద పట్టాలకు కరెంటిచ్చే మోటర్ షీల్డ్, పక్కన కంప్యూటర్‌లో జేఎంఆర్‌ఐ (మోడల్ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్). నడపడం ఫోన్‌తోనే. మామూలు ఎల్298 షీల్డ్ దాదాపు 2 వోల్టులు తనే తినేస్తుంది, అందుకని పట్టాల మీద 13 వోల్టులు కావాలంటే సప్లై 15 ఉండాలి. ట్రాక్ కింద మందపాటి బస్ తీగ వేసి, సుమారు మీటరుకొకటి చొప్పున ఫీడర్ (పట్టాను బస్‌కు కలిపే చిన్న తీగ) దించాను. ఫీడర్లు అతికాక లూప్‌లో ప్రతి మూలా నాణెం పెట్టి పట్టాలను షార్ట్ చేసి చూడాలి. వెంటనే కరెంటు ఆగిపోతే వైరింగ్ బాగున్నట్టు. ఆగకపోతే ఆ చోట తీగ చాలడం లేదు, నిజంగా పట్టాలు తప్పిన రోజున చక్రాలు, డీకోడర్ కాలిపోతాయి. ఈ పరీక్ష చేయకుండా ఖరీదైన సౌండ్ ఇంజిన్‌ను పట్టాల మీద పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇంజిన్‌లో డీకోడర్ కూర్చునే సాకెట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాత మోడళ్లలో 8 పిన్నులది, కొత్తవాటిలో 21ఎంటీసీ, ప్లక్స్22, చిన్నవాటిలో నెక్స్ట్18. సాకెట్‌కు సరిపడే డీకోడర్ ఏ కంపెనీదైనా అందులో కూర్చుంటుంది. అసలు సాకెట్టే లేని పాత ఇంజిన్‌కైతే తీగలు అతకాలి: ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగులు మోటర్‌కు. ఆ మోటర్ బ్రష్షుల్లో ఏదీ ఛాసిస్‌ను తాకకూడదు. మల్టీమీటర్ పెట్టి చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి.

అడ్రసుల (ఒక్కో ఇంజిన్‌ను విడిగా పిలిచే నంబర్ల) దగ్గరికి వద్దాం. కొత్త ఇంజిన్లన్నీ సాధారణంగా 3వ నంబర్ మీదే వస్తాయి, కాబట్టి మొదట చేయాల్సింది అది మార్చడం. నేను ఇంజిన్ ఒంటి మీదున్న నంబర్‌లోని చివరి నాలుగంకెలు ఇస్తున్నాను. 100 నుంచి 127 దాకా ఉన్న నంబర్లు మాత్రం వాడను. లెంజ్, రోకో వంటి సిస్టమ్‌లు 99 దాకానే పొట్టి అడ్రస్‌గా లెక్కిస్తాయి, డిజిట్రాక్స్, డీసీసీ-ఈఎక్స్ 127 దాకా లెక్కిస్తాయి. ఆ మధ్యలో నంబర్ ఇస్తే ఒక సిస్టమ్‌లో పలికే ఇంజిన్ ఇంకోదాంట్లో పలకదు. అంతకు మించినది పొడుగు అడ్రస్, దాని లెక్క ఇలా ఉంటుంది: 2345 కావాలంటే దాన్ని 256తో భాగించాలి, 9 వచ్చి 41 మిగులుతుంది. సీవీ17లో 192కు 9 కలిపి 201, సీవీ18లో 41. జేఎంఆర్‌ఐలోని డీకోడర్‌ప్రో ఇదంతా తనే చేస్తుంది గానీ, లెక్క తెలిసుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం తేలిక.

సీవీ29లో అన్ని ఇంజిన్లకూ 34 పెట్టాను. 28/128 స్పీడ్ స్టెప్పులకు (వేగాన్ని విభజించే మెట్లకు) 2, పొడుగు అడ్రస్‌కు 32. అనలాగ్‌కు (డీసీసీ లేకుండా మామూలు డీసీ కరెంటు మీద నడవడానికి) ఉన్న 4ను కావాలనే వదిలేశాను. అది ఉంచితే, డీసీసీ సంకేతం చెదిరినప్పుడు కొన్ని డీకోడర్లు దాన్ని మామూలు డీసీ అనుకుని ఫుల్ స్పీడుతో దూసుకుపోతాయి. స్పీడ్ టేబుల్ (ఒక్కో మెట్టుకు వేగం విడిగా రాసే పట్టిక) వాడేవాటికి 16 కలిపి 50.

ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలు చదవడానికి, రాయడానికి విడిగా ఉంచే పట్టా ముక్క) మీద ఒకటి రెండు ఇంజిన్లు ఏం అడిగినా జవాబివ్వలేదు. జవాబు చెప్పాలంటే డీకోడర్ ఒక 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీయాంపులు అదనంగా లాగాలి, మామూలుగా మోటర్‌ను అదిలించి ఆ పని చేస్తుంది. చిన్న కోర్‌లెస్ మోటర్లు అంత లాగవు. పెద్ద కెపాసిటర్ ఉన్న సౌండ్ డీకోడర్లది దీనికి తిరగబడ్డ సమస్య, మొదట్లోనే ఎక్కువ లాగేస్తాయి. డీకోడర్ పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. మెయిన్ ట్రాక్ మీదే పెట్టి రాస్తే చాలు, చదవడం కుదరకపోయినా రాయడం కుదురుతుంది. ఫ్యాక్టరీ సెట్టింగులకు తిప్పాలంటే చాలావాటిలో సీవీ8కి 8 రాయాలి, లెంజ్ వాటిలో 33.

ఇక అసలు సంగతి, వేగం. సీవీ3, సీవీ4 ఊపందుకోవడానికి, ఆగడానికి పట్టే సమయాలు. అన్నిటికీ 20 పెడితే సరిపోతుందనిపిస్తుంది, సరిపోదు. ఎన్ఎంఆర్ఏ లెక్క ప్రకారం సీవీ3 విలువను దాదాపు 0.9తో గుణిస్తే పూర్తి వేగానికి పట్టే సెకన్లు వస్తాయి, అంటే 20కి సుమారు 18 సెకన్లు. ఈఎస్‌యూ కంపెనీ సౌండ్ డీకోడర్ లోక్‌సౌండ్ 5లో గుణించాల్సింది 0.25తో, అదే 20కి 5 సెకన్లు. అంకె ఒకటే, నడక వేరు. అందుకే అంకెలు పోల్చడం మానేసి స్టాప్‌వాచ్ పట్టుకున్నాను.

పట్టాల పక్కన కచ్చితంగా మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టుకుని, ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కించాక కొలుస్తున్నాను. హెచ్ఓలో, అంటే 1:87 స్కేల్‌లో (అసలు బండిలో 87వ వంతు), గంటకు 60 కిలోమీటర్లంటే ఆ మీటరుకు 5.2 సెకన్లు పట్టాలి. హార్న్‌బీది 1:76 స్కేల్, పట్టాల వెడల్పు అదే 16.5 మిల్లీమీటర్లయినా దానికి 4.6 సెకన్లు. విడివిడిగా నడిపేటప్పుడు స్కేల్ వేగం చూసుకోవాలి. రెండింటినీ ఒకే బండికి కట్టేటప్పుడు మాత్రం స్కేల్ వదిలేసి సెంటీమీటర్లలోనే సమానం చేయాలి. ముందు సీవీ2తో స్టెప్ 1లో మెల్లగా కదిలేలా, తర్వాత సీవీ5తో గరిష్ఠ వేగం, చివర సీవీ6తో మధ్య వేగం. అన్నిటిలోకీ నెమ్మదైన ఇంజిన్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటిని దాని దగ్గరికి తగ్గించాలి, నెమ్మదిగా పోయేదాన్ని పెంచలేం. మూడు సీవీలతో కుదరనివాటికి సీవీ67 నుంచి 94 దాకా ఉన్న 28 మెట్ల స్పీడ్ టేబుల్. కొలిచేటప్పుడు సీవీ3, సీవీ4 సున్నా చేసుకోవాలి, లేకపోతే కొలతలు తప్పుతాయి.

రోకో, పికో జోడీ ఇప్పుడు బాగా లాగుతోంది. మొదట్లో ఎద్దు ఎండకి, దున్న నీడకి లాగినట్టే ఉండేది. రెండు డీకోడర్లూ బ్యాక్-ఈఎంఎఫ్‌తో (తిరిగే మోటర్‌లో పుట్టే వోల్టేజీని కొలిచి) తమ వేగాన్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి కొద్దిపాటి తేడా వచ్చినా ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. ఆ నియంత్రణ తీవ్రతను రెండింట్లోనూ తగ్గించాక కుదురుకున్నాయి. జోడీ అడ్రస్ సీవీ19లో రాస్తాం: నేను 40 ఇచ్చాను, వెనక్కి తిరిగి ఉన్నదానికి 128 కలిపి 168.

ఫంక్షన్ బటన్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. లైటు ఎఫ్0 అన్నది దాదాపు అందరిదీ. హారన్ చాలా అమెరికన్ డీకోడర్లలో ఎఫ్2, యూరప్ సౌండ్ డీకోడర్లలో చాలావరకు ఎఫ్1 నొక్కితేనే అసలు శబ్దం మొదలవుతుంది. సీవీలు మార్చే బదులు జేఎంఆర్‌ఐ రోస్టర్‌లో (ఇంజిన్ల జాబితాలో) ప్రతి ఇంజిన్‌కూ బటన్ల పేర్లు రాశాను, ఫోన్‌లో అవే కనిపిస్తున్నాయి.

మార్క్‌లిన్ కంపెనీ ఇంజిన్లంటే నాకు ఎంతో ఇష్టం, కానీ ఈ లూప్‌కు తేలేను. వాళ్ల హెచ్ఓ మూడు పట్టాల పద్ధతి, చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు, రెండు పట్టాల మీద పెట్టగానే షార్ట్. ఆ మోడళ్ల మీదే మనసున్నవాళ్లు అదే సంస్థవాళ్ల ట్రిక్స్ చూడొచ్చు, అది రెండు పట్టాలది.

తర్వాతి పని కప్లింగులు. ఎన్ఈఎమ్ 362 పాకెట్ (కప్లర్ దూర్చే ప్రామాణిక అర) ఉన్న బోగీలన్నిటికీ ఒకే రకం కప్లర్ వేస్తున్నాను. పాకెట్ లేనివి పక్కన పెట్టి, ముందు వాటి చక్రాల లోపలి దూరం కొలుస్తున్నాను. 14.4 మిల్లీమీటర్ల కంటే బాగా తక్కువున్నవి పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీద ఎక్కి దూకుతున్నాయి, అవి సరిచేశాకే కప్లర్ల సంగతి.