నాయన కాఫీకి కాగితం కుదిరేదాకా

మా నాయనకు పొద్దున ఆరు లోపల ఒక కాఫీ, టిఫినయ్యాక ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి పడాల్సిందే. తిరుపతిలో మా ఇంట్లో నేను పుట్టక ముందు నుంచీ ఇత్తడి ఫిల్టరే. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ పొడి వేసి వేడినీళ్ళు పోసి పెడితే, తెల్లారేసరికి కింది గిన్నెలోకి చిక్కటి డికాక్షన్ దిగి ఉంటుంది.

పోయిన ఎండాకాలం రక్తపరీక్షలో నాయనకు చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరు మందు రాశారు, నూనె, నెయ్యి తగ్గించమన్నారు. కాఫీ ఊసు రాలేదు. నాకు నేనుగా చదువుకుంటే తెలిసింది: కాఫీ గింజలోని నూనెలో కెఫెస్టాల్, కావియోల్ అని రెండు పదార్థాలుంటాయి, ఎల్‌డీఎల్‌ను, అంటే ఆ చెడు కొలెస్ట్రాల్‌ను, పెంచేవి అవే. లోహపు ఫిల్టరు రంధ్రాల్లోంచి ఆ నూనె కిందికి జారుతుంది, కాగితమైతే చాలావరకు పట్టేస్తుంది. మందుకు కాగితం బదులు కాదు, మందు మానకూడదు. కానీ రోజుకు మూడు గ్లాసులు తాగే మనిషి విషయంలో ఇది చిన్న సంగతి కాదనిపించింది.

వీ60 డ్రిప్పర్ కొన్నాను. లోపల కాగితం పెట్టి, పొడి వేసి, పైనుంచి వేడినీళ్ళు పోసే శంకు ఆకారపు గిన్నె అది, అడుగున చిల్లు ఉంటుంది. నాది పింగాణీది, 02 సైజు. పేరులోని 60 అంటే దాని గోడలు కలిసే కోణం, 60 డిగ్రీలు. కాగితాలు వేరేచోట చవగ్గా ఉన్నాయని గోధుమరంగువి వంద తెప్పించాను. తీరా చూస్తే వాటి అడుగు సూదిగా లేదు, వెడల్పుగా ఉంది. పక్కన ఒక అతుకు, అడుగున ఒక అతుకు. అవి అడుగు వెడల్పుగా ఉండే మెలిటా తరహా డ్రిప్పర్‌కు చేసినవి. శంకులో పెడితే అడుగున ముడుచుకుని, పక్కల గోడకు అంటుకోకుండా లేచి నిలబడ్డాయి. నీళ్ళు పొడిలోంచి పోకుండా పక్క సందుల్లోంచి జారిపోయాయి. గ్లాసులో పడింది కాఫీ రంగు నీళ్ళు. కాబట్టి కొనేవాళ్ళు మొదట చూడాల్సింది రంగు కాదు, ధర కాదు, ఆకారం. శంకుకు శంకు కాగితం, అడుగు వెడల్పు దానికి ఆ కాగితం, కలీటా వేవ్ లాంటి బల్లపరుపు అడుగు దానికి అంచుల చుట్టూ మడతలున్న కాగితం. ఒకదానిది ఒకదానికి పనికిరాదు.

రెండోసారి శంకువే తెప్పించాను, మళ్ళీ గోధుమరంగువే. బ్లీచింగ్ లేనివైతే ఆరోగ్యానికి మంచివని నా నమ్మకం. నాయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏందిరా ఇది, కొత్త నోటుబుక్కు నానబెట్టినట్టుండాది."

ఆయన మాట నిజం. బ్లీచ్ చేయని కాగితంలో ఆ అట్టవాసన ఎక్కువ. తెల్లవాటికి ఇప్పుడు మంచి తయారీదారులు క్లోరిన్ బదులు ఆక్సిజన్ పద్ధతి వాడుతున్నారు, భయపడాల్సింది ఏమీ లేదు. తెల్లవి తెప్పించాను. ఒక్కో కాగితానికి ఆరేడు రూపాయలు పడింది. ఇక్కడ మాత్రం చవకకు పోకండి.

ఆ రోజే నాయన అడిగాడు, కాగితంలో కాఫీ వడగట్టాలని ఎవరికి తోచిందని. 1908లో జర్మనీలో డ్రెస్డెన్ అనే ఊళ్ళో మెలిటా బెంట్స్ అనే గృహిణి, కాఫీలో మడ్డి పడలేక, ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితం పరిచి వడగట్టిందని చెప్పాను. "ఇత్తడి గిన్నెనా?" అని మా ఫిల్టరు వైపు ఒకసారి చూశాడు.

తర్వాతి చిక్కు పొడిది. ఇంట్లో ఉన్న పొడి ఫిల్టరు కోసం మెత్తగా ఆడించింది, అందులో చికోరీ కూడా ఉంది. కాగితంలో వేస్తే ఆ మెత్తటి నలక రంధ్రాలకు అడ్డం పడి నీళ్ళు చెరువులా నిలిచాయి. మూడు నిమిషాల్లో దిగాల్సింది ఎనిమిది నిమిషాలైంది, చేదు విషం. ఎప్పుడూ కొనే పొడి అంగడికే వెళ్ళాను.

"చికోరీ ఎంత కలపమంటారు స్వామీ?"

"వద్దు. సన్న బొంబాయి రవ్వంత బరకగా ఆడించి ఇవ్వండి."

ఆయన నమ్మలేక రెండుసార్లు అడిగి, మిషను మర తిప్పి, మొదటి గుప్పెడు నా అరచేతిలో పోసి చూపించాడు. వేళ్ళ మధ్య రుద్దితే పలుకు తగిలింది. సరే అన్నాను. అరకు అరబికా గింజలు దొరికితే అవే ఆడిస్తాను. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ అది, పాలు లేకుండా తాగినా బాగుంటుంది.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు. కాగితాల పాకెట్టు తెరిచి పూజగూటి పక్క అలమరలో పెట్టాను. నాలుగు రోజులకు కాఫీలో పచ్చకర్పూరం వాసన! వాసన లాక్కోవడం కాగితం గుణం. ఇప్పుడు మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో ఉంటాయి, ఇంగువకు, అగరబత్తికి దూరంగా.

ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాను. కాగితం అతుకును గీతంట ఒకవైపుకు గట్టిగా మడిచి, విప్పి శంకులో కూర్చోబెట్టాలి. మడవకపోతే అతుకు దగ్గర గోడకు అంటదు. పొడి వేయక ముందే వేడినీళ్ళు చుట్టూ పోసి తడపాలి, కాగితం వాసన పోతుంది, గోడకు అంటుకుంటుంది, డ్రిప్పరూ వేడెక్కుతుంది. ఆ నీళ్ళు పారబోయాలి. సన్నముక్కు కెటిల్ నా దగ్గర లేదు, అమ్మమ్మ కొమ్ముచెంబు ఉంది. మరిగే నీళ్ళు చెంబులోకి పోసేసరికి వేడి కాస్త తగ్గి సరిగ్గా సరిపోతుంది. బోరునీళ్ళు వాడను, గిన్నెకు తెల్లటి ఉప్పు పట్టే నీళ్ళతో కాఫీ మొద్దుగా ఉంటుంది.

15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్ళు. మొదట 30 మిల్లీలీటర్లు మాత్రం పోసి ఆగాలి. తాజా పొడి అయితే అప్పుడు చూడాలి, మధ్యలో బన్నులా ఉబ్బి, బుడగలు చిట్లుతూ వాసన లేస్తుంది. ముప్పై నలభై సెకన్లయ్యాక మిగతా నీళ్ళు సన్నటి ధారగా, మధ్య నుంచి చుట్టూ తిప్పుతూ పోయాలి.

ఒకరోజు రెండు గాజుగ్లాసులు కిటికీ గట్టున పెట్టాను. ఇత్తడి ఫిల్టరు డికాక్షన్ మీద వెలుతురు పడితే సన్నటి నూనె తెట్టు రంగులు తిప్పింది. కాగితంది తేటగా, దేవళం తీర్థం మాదిరి అడుగు దాకా కనబడింది. నాయనను పిలిచి చూపించాను. చాలాసేపు వంగి చూశాడు.

పాలు మాత్రం ఆయన వదల్లేదు. 240కి పాలు పోస్తే పలచనైపోతుంది. అందుకని ఆయనకు 20 గ్రాములకు 160 మిల్లీలీటర్లే పోసి చిక్కగా దించుతాను, పైన మీగడ తీసిన పాలు. ఇత్తడి ఫిల్టరు కాఫీ రుచి దీనికి రాదు, రావాలని నేనూ అనను. పండగ రోజు అమ్మ అదే తీస్తుంది.

ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక నాయన స్టీలు డబ్బా మూత తీసి, మర్నాటికి మూడు కాగితాలు లెక్కబెట్టి, అతుకులు గోటితో గీసి మడిచి, ఒకదానిలో ఒకటి దోపి పెడతాడు.