గంగమ్మ జాతరలో మా చేతి బేస్

మా అన్నా, నేనూ 18 మి.మీ. ప్లైవుడ్ కోయించి బిగించిన నాలుగు హార్న్ సబ్‌వూఫర్లు (లోపల బూర లాంటి మడతల దారి ఉండే బేస్ పెట్టెలు) ఈసారి తిరుపతి గంగమ్మ జాతర ఆర్కెస్ట్రాకి పెట్టినాం. 40 హెర్ట్జ్ అంటే బాగా కింది బేస్, ఆ శబ్దం అల పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. అందులో పావు, అంటే రెండు మీటర్ల పైన దారి పెట్టె లోపల ఉండాల. అందుకే ఆ మడతలన్నీ. ఒక్కటే పెడితే నోరు, అంటే శబ్దం బయటికొచ్చే బూర చివర, చాలదు, కింది బేస్ పలచబడతాది. నాలుగూ ఆనించి పెడితే నోళ్లన్నీ కలిసి ఒకటే పెద్ద నోరైనట్టు. అప్పుడు సూడాల!

స్టేజీకి అటు రెండు, ఇటు రెండు పెట్టమని కమిటీవాళ్లు ఒకటే పట్టు. అట్ల పెడితే రెండు పక్కల అలలు కలిసి జనంలో కొన్నిచోట్ల దెబ్బ గట్టిగా, కొన్నిచోట్ల బోలుగా ఉంటాది. నడిమధ్యనే పెట్టినాం. హార్న్ దారి దాటి రావడానికి బేస్‌కి ఆరేడు మిల్లీసెకన్లు ఎక్కువ పడతాది కదా, పై స్వరాలు పలికే బాక్సులకు అంత డిలే (ఆలస్యం) ఇచ్చినాక డప్పు దెబ్బ అతికినట్టు పడింది. ఆంప్లిఫయర్ సగం కూడా తిప్పలేదు.

బరువే బాధ. ఒక్కోదానికి నలుగురు పట్టాల. చక్రాలు బిగిద్దామంటే మా అన్న వినడు, ఇంకో నాలుగు చేద్దామంటాడు. యాడ పెడతావన్నా, వీధిలోనా?